మాట యెచ్చట ముగియును? లెక్కల యంత్రమునకు పేరు చెప్పు పద్ధతి



ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో లెక్కలనగా వెనుకటికి కరణముగారి దస్త్రము, వర్తకుని చిట్టా ఆవర్జాలు, సంఘపు సభ్యుల పట్టిక. నేడవి చాలవరకు కంప్యూటరులోనికి చేరినవి. 2015 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము “మీభూమి”ని ఏర్పరచిన తరువాత అడంగలును, 1-బి నకలును యంత్రముమీదనే చూచుకొను వాడుక వచ్చినది. 2016 ఏప్రిల్ 14 న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ఈ-నామ్ అను జాతీయ వ్యవసాయ మార్కెట్టులో ఆదోని యార్డును చేరినది. 1938 లో మాచాని సోమప్పగారు స్థాపించిన ఎమ్మిగనూరు నేతపనివారల సహకార సంఘము వంటి సంస్థలు ఆనాడు కాగితముమీద నడపిన పట్టికలను, నేడు ఎంత చిన్న సంఘమైనను యంత్రములో ఉంచుకొనవచ్చును.

ఇట్టి యంత్రపు పుస్తకమునకు డేటాబేసు అని పేరు. దానికొక మనుష్యుని పేరు చెప్పి అతని లెక్క చూపుమని అడుగునపుడు, ఆ పేరు ఎచ్చట మొదలై ఎచ్చట ముగియుచున్నదో యంత్రము ఎట్లు గ్రహించును? ఇది అల్పమైన ప్రశ్నవలె తోచును. కాని యంత్రము ఇచ్చట పొరపడినచో రెండు కీడులు కలుగును. మంచివాని లెక్క పుస్తకములో ఉండియు దొరకకపోవును. చెడ్డవాని చేతికి ఊరందరి లెక్కలును చిక్కును. ఈ పొరపాటు ఎట్లు పుట్టునో, దానిని ఎట్లు నివారింపవలెనో తెలుపుటయే నేటి ప్రసంగ విషయము.

మొదట మన భాషనే చూతము. తాటియాకుల కాలమున కొటేషను గుర్తులు లేవు. ఒకరి మాటను మరియొకరికి చెప్పవలసినపుడు మనవారికి “అని” అను చిన్న మాటయే చాలెను. “గుమాస్తాతో, సుబ్బయ్య వచ్చినాడని చెప్పుము” అనినచో, “అని”కి ముందున్నది గుమాస్తాకు చేరవలసిన సమాచారము. తరువాతి “చెప్పుము” అనునది కబురు మోయు కుర్రవానికి మనమిచ్చిన ఆజ్ఞ. సమాచారమునకును ఆజ్ఞకును నడుమ “అని” యనునది పొలిమేర రాయి.

ఇక చేరవలసిన సమాచారములోనే ఒక “అని” యున్నదనుకొనుడు. సుబ్బయ్య చెప్పి పంపిన మాట యిది: “పత్తి తూకమైనదని వ్రాసికొని పైకమంతయు నాకిమ్ము.” కుర్రవాడు మందమతియైనచో మొదటి “అని” వినగానే సమాచారము ముగిసినదనుకొనును. “పైకమంతయు నాకిమ్ము” అనునది తనకే యిచ్చిన ఆజ్ఞయని భావించి, పైకము తీసి ఇచ్చివేయును. మనుష్యుడైనచో సందర్భమునుబట్టి తెలిసికొనును. కంప్యూటరునకు ఆ తెలివి లేదు. అది కబురు మోయువారిలోనెల్ల మందమతి. గుర్తు కనబడినచో మాట ముగిసినదనియే నమ్మును.

డేటాబేసుకు ఆజ్ఞలిచ్చు భాషకు ఎస్.క్యూ.ఎల్. అని పేరు. 1974 లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థయందు పనిచేయుచుండిన డొనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బాయిస్ అను నిరువురు దీనిని ప్రకటించిరి. 1986 లో అమెరికా ప్రమాణ సంస్థ దీనికి నియమములు ఖాయపరచినది. ఈ భాషలో “అని” పనిని ఒంటి కొటేషను గుర్తు చేయును. మొదటి గుర్తు వద్ద సమాచారము మొదలగును; రెండవ గుర్తు వద్ద ముగియును. ఆ భాషలోని మాటలు ఇంగ్లీషువి. వానిని తెలుగు చేసినచో ఒక ఆజ్ఞ ఇట్లుండును:

పేరు = 'రామయ్య' అయిన రైతు లెక్క చూపుము.

రామయ్యకు చిక్కు లేదు. కాని ఆదోని తెలుగు, కన్నడము, ఉర్దూ కలసిన సీమ. 17 వ శతాబ్దమున బిజాపూరు సుల్తానుల పక్షమున ఆదోనిని పాలించినవాడును, అచ్చటి జామియా మసీదును కట్టించినవాడును అగు సిద్ది మసూద్ ఖాను పేరు చూడుడు. అరబ్బీలో ఆ పేరు నడుమ “ఐన్” అను అక్షరమున్నది. పండితులు ఇంగ్లీషు లిపిలో దానిని వ్రాయునపుడు “మస్” తరువాత ఒక ఒంటి కొటేషను గుర్తు వేసి, పిమ్మట “ఊద్” అని వ్రాయుదురు. ఆ రీతిగా వ్రాసిన పేరును యంత్రమునకిచ్చినచో ఆజ్ఞ ఇట్లగును:

పేరు = 'మస్'ఊద్' అయిన రైతు లెక్క చూపుము.

యంత్రము దీనినెట్లు చదువును? పేరు “మస్” అని ముగిసినది. తరువాతి “ఊద్” అనునది ఏదో ఆజ్ఞ కావలెను. అట్టి ఆజ్ఞ దానికి తెలియదు. ఆపైన మరియొక కొటేషను తెరచుకొనినది కాని మూతపడలేదు. కావున యంత్రము తెల్లబోయి, తప్పు తప్పని నిలిచిపోవును. డి'సౌజా, ఓ'బ్రియన్ మొదలగు క్రైస్తవుల పేరులకును ఇదే గతి. బల్లకు ఈవల నిలుచున్నవానికి వినబడునది మాత్రము, “మీ పేరు కంప్యూటరులో లేదు” అను మాట. పేరున్నది, అడిగిన తీరులో లోపమున్నది.

ఇది మంచివానికి కలుగు కష్టము. ఇక చెడ్డవాని సంగతి వినుడు. పేరు వ్రాయవలసిన గడిలో వాడు తన పేరు వ్రాయక, ఈ మాటలు వ్రాయును:

ఎవరో' లేక '1' = '1

ప్రోగ్రాము దానిని తెచ్చి, అజాగ్రత్తగా తన రెండు గుర్తుల నడుమ అతికించును. అపుడు ఆజ్ఞ యిట్లు తయారగును:

పేరు = 'ఎవరో' లేక '1' = '1' అయిన రైతు లెక్క చూపుము.

ఒకటి ఎల్లపుడును ఒకటికి సమానమే గదా! కావున ప్రతి రైతు విషయమునను ఈ షరతు నెరవేరినట్లే యగును. యంత్రము ఒక్కని లెక్కకు బదులు అందరి లెక్కలను ముందు పరచును. ఇదే యుపాయమున లెక్కలు మార్చుటకును, చెరపుటకును కూడ సందు దొరకవచ్చును. ఈ మోసమునకు ఎస్.క్యూ.ఎల్. ఇంజెక్షను అని పేరు. 1998 డిసెంబరులో “ఫ్రాక్” అను పత్రికలో జెఫ్ ఫారిస్టాల్ అనునతడు మారుపేరుతో దీనిని మొదట లోకమునకు వివరించెను.

ఇది పుస్తకములలోని ఊహ గాదు. 2015 అక్టోబరులో బ్రిటనులోని టాక్‌టాక్ అను టెలిఫోను కంపెనీనుండి 1,56,959 మంది ఖాతాదారుల వివరములు ఈ మార్గముననే దొంగలపాలయ్యెను. అందు 15,656 మందివి బ్యాంకు ఖాతాల వివరములు. ఆ కంపెనీ 2009 లో మరియొక కంపెనీ వ్యాపారమును కొనినది. దానితోబాటు వచ్చిన పాత పుటలు కొన్ని అట్లే పడియుండినవి. వాని సంగతి ఎవరును పట్టించుకొనలేదు. దొంగలకు అవియే ద్వారములైనవి. 2016 అక్టోబరులో అచ్చటి సమాచార కమీషనరు ఆ కంపెనీకి 4,00,000 పౌనుల జుల్మానా విధించెను. పాడుపడిన బావికి గట్టు కట్టకపోయిన లోపమే అది.

ఇక నివారణోపాయములు. కొందరు తొందరపడి, పేరులో కొటేషను గుర్తు ఉండకూడదని నియమము చేయుదురు. లేదా ఆ గుర్తును తుడిచి వ్రాసికొందురు. ఇది తలనొప్పికి తల తీయించుట. పట్టాదారు పాసుపుస్తకమున ఒక తీరుగను, బ్యాంకు పుస్తకమున మరియొక తీరుగను పేరున్నచో, రావలసిన పైకము ఆగిపోయి మనుష్యుడు కచేరీల చుట్టు ఎట్లు తిరుగవలసి వచ్చునో మీరెరుగుదురు. పేరు తండ్రి పెట్టినది; యంత్రము కొరకు దానిని దిద్దు హక్కు ఎవరికిని లేదు.

రెండవ యుపాయము ఎస్కేప్ చేయుట. లోపలి గుర్తు ముగింపు గుర్తు గాదనియు, మాటలోని భాగమే యనియు యంత్రమునకు సంజ్ఞ చేయుటకే ఈ పేరు. ఎస్.క్యూ.ఎల్. నియమము ప్రకారము లోపలి గుర్తును రెండు మారులు వ్రాయవలెను:

పేరు = 'మస్''ఊద్' అయిన రైతు లెక్క చూపుము.

జంట గుర్తు కనబడగానే యంత్రము “ఇది పొలిమేర గాదు, పేరులోనిదే” అని గ్రహించి, జంటను మరల ఒక్కటిగా భావించి పేరు వెదకును. పుస్తకములో నిలుచునది ఒక్క గుర్తే. ప్రామిసరీ నోటులో అంకెలు వేసి, మరల “అక్షరాల” అని వ్రాసి, చివర “మాత్రమే” అని ముగింతుము. పిమ్మట ఎవరును మరియొక సున్న చేర్పకుండుటకే గదా ఆ జాగ్రత్త! ఇదియు అట్టిదే.

అయితే ఈ జంటచేయు పని ఎవరు చేయవలెను? ప్రోగ్రాము వ్రాయువాడు తన చేతితో చేయుట మంచిది గాదు. ప్రోగ్రామునకును డేటాబేసుకును నడుమ క్లయింటు లైబ్రరీ అను గుమాస్తా యొకడుండును. మన మాటను తీసికొని, డేటాబేసు కోరు రూపమున వ్రాసి, పంపి, సమాధానము తెచ్చుట వాని పని. ఎస్కేప్ చేయు పనియు వానికే యప్పగింపవలెను. ఇందులకు మూడు కారణములు కలవు.

మొదటిది: అన్ని డేటాబేసుల కట్టుబాటులు ఒక్కటి గావు. మై-ఎస్.క్యూ.ఎల్. అను డేటాబేసులో కొటేషను గుర్తే గాక, వెనుకకు వాలిన గీతయు మామూలుగా ప్రత్యేక సంజ్ఞయే. ఏ కచేరీకి ఏ కట్టుబాటో ఆ కచేరీ గుమాస్తాకే తెలియును.

రెండవది లిపిని గూర్చినది. దీనిని కొంచెము శ్రద్ధగా వినవలయును. యంత్రమునకు అక్షరములు లేవు, అంకెలే యున్నవి. ఒంటి కొటేషను గుర్తు సంఖ్య 39. వెనుకకు వాలిన గీత సంఖ్య 92. యూనికోడు పద్ధతిలో, యు.టి.ఎఫ్-8 అను రీతిని, మన తెలుగు సంకేతము ఒక్కొక్కటియు మూడేసి అంకెలతో నిలుచును. “అ” అనగా 224, 176, 133. “క” అనగా 224, 176, 149. ఈ అంకెలన్నియు 127 కు పైవి. కావున సక్రమముగా వ్రాసిన తెలుగు మాటలో 39 గాని 92 గాని దొంగచాటుగా దాగియుండుటకు వీలు లేదు. ఇది మన లిపికి కలిగిన భాగ్యము. యూనికోడు వాడుకలోనికి రాకమునుపు, ఇంగ్లీషు అక్షరములకును గుర్తులకును ఏర్పడిన స్థానములలో తెలుగు రూపములను పెట్టి అచ్చొత్తు ఫాంటులుండెను. అట్టి వ్రాతలో కంటికి తెలుగు తునక కనబడిన చోట, యంత్రమునకు కొటేషను గుర్తే కనబడవచ్చును. పాత పట్టికలను క్రొత్త యంత్రములోనికి మార్చువారు ఇది మరువరాదు.

చైనా లిపికి మన భాగ్యము లేదు. వారి జి.బి.కె. అను పద్ధతిలో రెండేసి అంకెలు కలసి ఒక అక్షరమగును. అందు రెండవది 92 కావచ్చును. దొంగ 191, 39 అను అంకెలను పంపును. లిపి తెలియని అమాయకపు ప్రోగ్రాము 39 ని చూచి, రక్షణ కొరకు దానిముందు 92 చేర్చును. ఇపుడవి 191, 92, 39. జి.బి.కె. చదువు డేటాబేసు 191, 92 లను కలిపి ఒక చైనా అక్షరముగా చదువుకొనును. కాపలాకు పెట్టిన గీత అక్షరములో కలసిపోయి, 39 అను కొటేషను గుర్తు కాపలా లేక మిగిలిపోవును. ఈ లోపము 2006 లో బయటపడెను. ఆ సంవత్సరము మే నెలలో పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసువారు, సంభాషణ ఏ లిపిలో జరుగుచున్నదో తెలిసికొని ఎస్కేప్ చేయు క్రొత్త సాధనమును తమ లైబ్రరీలో చేర్చిరి. కావుననే, ఎస్కేప్ చేయువానికి డేటాబేసుతో మాటలాడు లిపి తెలిసి తీరవలెను.

మూడవ కారణము: ఈ పని పంపు సమయమున ఒక్కమారే జరుగవలెను. పి.హెచ్.పి. అను ప్రోగ్రాము భాషలో ఒకప్పుడు, లోనికి వచ్చిన ప్రతి మాటకును తనంతట తానే గీతలు చేర్చు ఏర్పాటుండెను. తరువాత మరియొకరు మరల చేర్చెడివారు. దానితో గీతలు పుస్తకములోనే నిలిచిపోయి, మనుష్యుల పేరుల నడుమ ముద్రణలో కనబడుచుండెను. మేలు కంటె కీడెక్కువయని తేలి, 2012 లో ఆ భాషయొక్క 5.4 కూర్పునుండి ఆ యేర్పాటును తొలగించిరి. బియ్యమును వండునపుడే కడుగవలెను. కడిగి గాదెలో పోసినచో ముక్కిపోవును.

ఇంత చేసినను, ఎస్కేప్ చేయుటకు హద్దులు కలవు. అది రెండు కొటేషను గుర్తుల నడుమనున్న మాటకే రక్ష. సర్వే నంబరును గుర్తులు లేకయే 12 అని వ్రాయు చోట, దొంగ “12 లేక 1 = 1” అని వ్రాసినచో, అందు జంటచేయుటకు కొటేషను గుర్తే లేదు; రక్ష వ్యర్థమగును.

లైబ్రరీయే తప్పు చేయు సందర్భములును అరుదుగా కలవు. 2025 ఫిబ్రవరి 13 న పోస్ట్‌గ్రెస్‌వారు అట్టి లోపమునొకదానిని ప్రకటించి సవరించిరి. దానిని కనుగొన్నవాడు రాపిడ్-7 అను సంస్థకు చెందిన స్టీఫెన్ ఫ్యూయర్. సగములో తెగిన చెడు అక్షరమొకటి వచ్చి, దాని వెంటనే కొటేషను గుర్తు వచ్చినచో, లైబ్రరీ ఆ రెండును కలసి ఒకే అక్షరమని తలచి, గుర్తును జంటచేయక విడిచెడిది. ఆజ్ఞను తరువాత చదువు పరికరము మాత్రము ఆ గుర్తును గుర్తుగానే చదివెడిది. ఇచ్చటను మూలము లిపియే. ఆ సవరణలో మిగిలిన చిక్కును దిద్దుటకు వారము దినములకే, ఫిబ్రవరి 20 న, మరల క్రొత్త కూర్పులు విడుదల చేసిరి. ఇంతటి ప్రవీణులకే ఇంత శ్రమయైనపుడు, ప్రోగ్రాము వ్రాయు ప్రతివాడును తన సొంత ఎస్కేప్ పద్ధతిని కల్పించుకొనుట సాహసమే యగును.

మూడవ యుపాయము అన్నిటికంటె మేలైనది. రిజిస్ట్రారు కచేరీలో అచ్చొత్తిన ఫారము నెరుగుదురు. ఫారములోని వాక్యము ముందే స్థిరపడియున్నది. పేరునకు ఖాళీ గడి విడిచియున్నది. ఆ గడిలో ఎవరేమి వ్రాసినను అది పేరుగానే యుండును; వాక్యము మారదు. అట్లే డేటాబేసుకు ముందుగా ఆజ్ఞను మాత్రమే పంపుదురు:

పేరు = ? అయిన రైతు లెక్క చూపుము.

డేటాబేసు దానిని చదివి, అర్థము చేసికొని, సిద్ధముగా నుంచుకొనును. పిమ్మట పేరును వేరొక కవరులో పంపుదురు. ఆజ్ఞ అదివరకే ముగిసినది కావున, పేరులో ఎన్ని కొటేషను గుర్తులున్నను అవి పేరులోని అక్షరములే. మసూద్ లెక్క దొరకును. “ఎవరో' లేక '1' = '1” అను వింత పేరుగల రైతు పుస్తకములో లేడని సమాధానము వచ్చును. దొంగకు దక్కునది అదియే.

ఇందును రెండు సంగతులు గమనింపదగినవి. కొన్ని లైబ్రరీలు వేరు కవరు వాడినట్లు పైకి చూపి, లోలోపల తామే ఎస్కేప్ చేసి ఒకే కవరులో పంపును. అపుడు పైన చెప్పిన లిపి నియమము మరల ముఖ్యమగును. రెండవది: గడిలో పెట్టదగినది సమాచారము మాత్రమే. ఏ పట్టిక చూడవలెను, ఏ వరుసలో చూపవలెను అనునవి గడిలో పెట్టుటకు కుదరదు. వానిని ముందుగా నిర్ణయించిన కొలది పేరులలోనుండియే ఎన్నుకొననీయవలెను.

దీనికి తోడు, లెక్క చూపు ప్రోగ్రామునకు లెక్క చెరపు అధికారమీయరాదు. వాకిట గుమాస్తాకు ఇనుపపెట్టె తాళపుచెవి యిచ్చు షాహుకారు లేడు గదా!

పెద్దలారా, ఇదంతయు ప్రోగ్రాములు వ్రాయువారి పనియే గదా, మాకేల యని మీరడుగవచ్చును. మీ సహకార సంఘమునకో, పంచాయతీకో, పాల కేంద్రమునకో లెక్కల ప్రోగ్రాము కొనునపుడు సంతకము చేయువారు మీరే. ఆ సమయమున నాలుగు ప్రశ్నలడుగుడు. ఆజ్ఞను, సమాచారమును వేరు వేరుగా పంపుచున్నారా? ఒకే కవరులో పంపుచో, ఎస్కేప్ చేయునది క్లయింటు లైబ్రరీయేనా, దానికి మన లిపి తెలియజేసితిరా? చూపు అధికారమును, మార్చు అధికారమును వేరు చేసితిరా? వాడుకలో లేని పాత పుటలను తీసివేసితిరా? తరువాత మీ యెదుటనే, అసలు లెక్కలు లేని మాదిరి పుస్తకములో, ఒంటి కొటేషను గుర్తుగల పేరొకటి వ్రాయించి, మరల వెదకించి చూడుడు. వ్రాసినది వ్రాసినట్లు దొరకినచో మంచిది. యంత్రము తప్పని కేక వేసినను, గుర్తు మాయమైనను, అడ్డగీత క్రొత్తగా మొలచినను, సంతకము చేయక ప్రోగ్రామును దిద్ది తెమ్మని పంపుడు.

తూకము వేయించు రైతు కాటా ముల్లును ముందు చూచుకొనును. ముల్లు సరిగా నున్నదో లేదో చూచుటకు కాటా చేయు విద్య తెలియనక్కరలేదు. పేరు చెప్పి లెక్క అడుగు యంత్రము విషయమునను అంతటి మెలకువయే చాలును.